నెడ్రా వేలికి తగిన రివాల్వర్

హార్న్‌బీ లోయలో అబద్ధాలాడేవాళ్ళు లేరు. నిజం పొట్టిగా ఉంటే దాన్ని కాస్త సాగదీసేవాళ్ళు మాత్రం ఇంటికిద్దరున్నారు. మా లైల్ టిబ్బెట్‌నే తీసుకోండి. దుంగల లారీ తోలి తోలి రిటైరైన మనిషి. అతను సీసం కరిగించి సొంతంగా పోసుకున్న తుపాకీ గుండు ఎంత నింపాదిగా పోతుందంటే, పేల్చి, ఇంట్లోకి వెళ్ళి, కేకు ముక్క తిని, మూతి తుడుచుకుని వచ్చేసరికి అప్పుడు తగులుతుందట. ఒకసారి ఎలుగుబంటి మీద పేలిస్తే, అది గుండు రావడం చూసి పక్కకు జరిగి దారిచ్చిందట.

"దారివ్వడమేంటి, తల కూడా వంచింది. మర్యాద తెలిసిన ఎలుగు" అంటాడు లైల్.

అలాంటి లోయలో సాగదీయడం చేతకానివాడు ఎల్డన్ రస్క్ ఒక్కడే. బడి అతన్ని వదిలేసిందో, అతనే బడిని వదిలేశాడో గాని, మీసం రాకముందే టైర్ల షాపులో చేరాడు, మీసం నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. చక్రం ఊగకుండా అంచుకి తగిలించే సీసం బిళ్ళలుంటాయి చూడండి, పాత టైరు విప్పినప్పుడల్లా వాటిని ఊడదీసి బకెట్లో వేసుకునేవాడు. సాయంత్రం ఆ బకెట్‌తో ఇంటికి పోయి, గరాజులో కుంపటి ముట్టించి, ఇనప కుండలో సీసం కరిగించి, పైన తేలిన తెట్టు తీసి, గరిటెతో అచ్చులో పోసేవాడు. చల్లారాక అచ్చు విప్పి తడితే మడతపెట్టిన పాత తువాలు మీద వెండిలా మెరుస్తూ గుండ్లు రాలేవి. మా వాళ్ళందరి పనీ అదే. ఎల్డన్ గుండ్లు మాత్రం ముడత లేకుండా, అంచు పదునుగా, పెళ్ళిచూపులకి తయారైనట్టు ఉండేవి.

అతనికి ఉన్న ఒకే ఒక్క గర్వం నలభై నాలుగు. రివాల్వర్ గొట్టం లావు అది. "పోత గుండుకి నలభై నాలుగుని మించింది లేదు. లావు గుండు, నిదానం నడక, అచ్చు ఇట్టే నిండుతుంది" అని ఎవరు అడిగినా చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు.

నెడ్రా తేనెటీగలు పెంచేవాళ్ళ అమ్మాయి. గుండ్లకి పూసుకునే తేనెమైనం అమ్మడానికి కంకర గోతి దగ్గరికి వచ్చేది. నెలకో శనివారం మా వాళ్ళు చేరి పేల్చుకునే చోటు అది. మట్టిగట్టు ముందు గొలుసుకి వేలాడే ఉక్కు పళ్ళెం, దానికి ఎదురుగా పాత బల్ల. అక్కడ నియమం ఒక్కటే: నీ చేత్తో పోసిన గుండే నువ్వు పేల్చాలి, నీ వేలితోనే పేల్చాలి. కొన్న తూటాతో వచ్చినవాడు కాఫీ తాగి పోవాల్సిందే.

ఒక శనివారం ఆ పిల్ల మైనం ముద్దలు బల్ల మీద పెట్టి, "నన్నూ పేల్చనివ్వండి" అంది. తర్వాత గుండ్లు పోసి బాకీ తీరుస్తానంది. ఎల్డన్ పళ్ళికిలించి తన నలభై నాలుగు చేతికిచ్చాడు, అది తన్ని వెనక్కి పడేస్తుందని. పళ్ళెం మోగింది. నెడ్రా తుపాకీ తిరిగి ఇచ్చేసి, మణికట్టు విదిలించుకుంటూ అడిగింది.

"ఇది కంచరగాడిదలా తంతోంది. మీ దగ్గర మనుషులు పేల్చేది ఏదైనా ఉందా?"

అలా ఆమె అంతకంటే సన్న గొట్టం ముప్పై ఎనిమిది పట్టుకుంది, మరుసటి ఏడు ఎల్డన్‌నీ పట్టుకుంది. ఇక ఆ ఇంట్లో కాపురం ఎంతకాలం సాగిందో నలభై నాలుగు, ముప్పై ఎనిమిదిల పోట్లాట అంతకాలమూ సాగింది. కుండ కాగగానే ముందు ఎవరి అచ్చు నింపాలి అనే దగ్గర మొదలయ్యేది.

"నీ ఒక్క గుండు సీసంతో నావి దాదాపు రెండొస్తాయి. దుబారా మనిషివి" అనేది ఆమె.

"నీ రెండూ కలిస్తే నా ఒక్కదాని దెబ్బ కాదు" అనేవాడు అతను.

"పళ్ళేన్ని చంపాలా ఏంటి? తగిలితే చాలదూ?"

ప్రతి వసంతంలో మంచు కరిగాక అందరూ కలిసి మట్టిగట్టు తవ్వి, జల్లెడ పట్టి, చితికిన గుండ్లు ఏరుకునేవారు. వాటిని కరిగించి మళ్ళీ పోయడం, మళ్ళీ అదే గట్టులోకి పేల్చడం. నెడ్రా మొదటిసారి పేల్చిన గుండు సీసం ఇప్పటికీ తమ కుండలో ఎక్కడో తిరుగుతూనే ఉందని ఎల్డన్ నమ్మకం. లైల్‌తో ఆ మాట అనడు. అంటే లైల్ దానికి ముక్కూ చెవులూ పెట్టి లోయంతా తిప్పుతాడు.

చెవులంటే గుర్తొచ్చింది. మా మగాళ్ళు పేల్చేటప్పుడు చెవుల్లో ఏమీ పెట్టుకునేవారు కాదు. పెట్టుకుంటే పరువు తక్కువ. నెడ్రా ఒక్కతే మైనం ఉండలు చేసి చెవుల్లో కుక్కుకునేది.

"ఏం నెడ్రా, తేనెటీగలు చెవిలో గూడు పెట్టాయా?" అని అరిచేవాడు లైల్.

"నీ అబద్ధాలు లోపలికి పోకుండా బిరడా" అనేది.

దాని ఫలితం ముసలితనంలో తెలిసింది. గోతి దగ్గర నెడ్రాకి తప్ప అందరికీ సన్న చప్పుళ్ళు చచ్చిపోయాయి. టీ కెటిల్ కూత, పిట్ట అరుపు ఏదీ లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే టైర్లకి సీసం బదులు జింకు బిళ్ళలు రావడం మొదలైంది. చూడ్డానికి రెండూ ఒకటే బూడిద రంగు. సీసంలో జింకు ఒక్క బిళ్ళ కరిగిందా, కుండ మొత్తం పాడు. పాలల్లో ఉప్పు పడ్డట్టే, మళ్ళీ విడదీయలేరు. కనిపెట్టే తేలికైన ఉపాయం సిమెంటు నేల మీద పడేసి వినడం. సీసమైతే దబ్బుమంటుంది. జింకైతే టింగుమంటుంది.

ఎల్డన్‌కి రెండూ దబ్బే. గరాజు తలుపు తెరిచి పెట్టి బిళ్ళలు ఒక్కొక్కటే నేల మీద పడేసేవాడు. వాకిలికి అవతల వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతున్న నెడ్రా తలెత్తకుండానే చెయ్యెత్తి అరిచేది.

"అది తీసెయ్యి ముసలోడా!"

ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

జబ్బు ముందు ఆ గొంతుకే వచ్చింది. మాటలు బరువెక్కి, నోట్లో ఉడకని దుంప పెట్టుకున్నట్టు వచ్చేవి. "పొద్దున్నే పుచ్చుకుంటున్నావా, మాకూ చెప్పొచ్చుగా" అని లైల్ ఏడిపించాడు. నెడ్రా కూడా నవ్వింది. స్పొకేన్ పట్నంలో డాక్టరు చెప్పింది విన్నాక ఎవరూ నవ్వలేదు. ఒంట్లో కండరాలకి వెళ్ళే నరాలు ఒక్కొక్కటీ చచ్చిపోతాయి, మందు లేదు, బుద్ధి మాత్రం చివరిదాకా చెక్కుచెదరదు అన్నాడాయన. ఆ చివరి మాట ఓదార్పుగా చెప్పాడో, హెచ్చరికగా చెప్పాడో ఎల్డన్‌కి అర్థం కాలేదు.

చలికాలం ముందరి ఆఖరి శనివారం నెడ్రా బల్ల దగ్గర నిలబడి ముప్పై ఎనిమిది పేల్చింది. తుపాకీ పైకి ఎగిరి చేతిలోంచి జారి కంకర మీద పడింది. అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. ఎల్డన్ తీసి, దులిపి, పెట్టెలో పెట్టాడు. ఇంటికి పోతుంటే ట్రక్కు అద్దం లోపల ఆవిరి పట్టింది. అప్పటికి ఆమెకి మాట పూర్తిగా పోయింది. వేలు ఎత్తి, ఆవిరి మీద వంకర టింకరగా రాసింది.

ఇంకొక్కసారి.

ఎల్డన్ ట్రక్కు పక్కకు ఆపాడు. అక్షరాలు కారి చెరిగిపోయేదాకా చూశాడు. "సరే నెడ్" అన్నాడు.

చలికాలమంతా అతనికి అదే ఆలోచన. ఆ చేతిని తన్నని తుపాకీ కావాలి, ఆ వేలు లాగగలిగే ట్రిగ్గర్ కావాలి. లైల్ గరాజులో పీపా మీద కూర్చుని సలహాలిచ్చాడు.

"ఇరవై రెండు పెట్టు. దోమ కుట్టినట్టు కూడా ఉండదు."

"ఇరవై రెండు తూటా ఇంట్లో తయారవుతుందిట్రా? అది కొన్న సరుకే."

"నెడ్రాకి నియమమేంటి, ఎవడడుగుతాడు?"

"నెడ్రాయే అడుగుతుంది."

లైల్ పీపా మీద సర్దుకుని కూర్చున్నాడు. "అయితే ముప్పై ఎనిమిదిలోనే తూటా మందు తగ్గించు" అన్నాడు.

"తగ్గించా. ఇంకా తగ్గిస్తే గుండు గొట్టంలోనే ఆగిపోద్ది. పైగా ఆ తుపాకీ బరువే మోయలేకపోతోంది."

"మరింకేం మిగిలింది?"

"ముప్పై రెండు."

లైల్ పీపా మీంచి జారినంత పని చేశాడు. "ముప్పై రెండా! అది మా నాయనమ్మ చేతిసంచిలో ఉండేదిరా. ఆ గుండు పోయాలంటే నీ వేళ్ళకి సూది కళ్ళు మొలవాలి. నలభై నాలుగు ఎల్డన్ ముప్పై రెండు పోస్తున్నాడని తెలిస్తే గోతిలో గట్టు కూడా నవ్వుద్ది."

"నవ్వనీ."

మరుసటి వారం ఎల్డన్ తన నలభై నాలుగుని, దాని అచ్చుతో సహా, గ్రోవర్ తుపాకుల కొట్లో ఇచ్చేసి, బదులుగా ఒక పాత ముప్పై రెండు రివాల్వర్, దాని అచ్చు తెచ్చాడు. అరచేతిలో ఇమిడే బొమ్మలాంటి తుపాకీ. వెనక సుత్తి ముందే లాగిపెడితే ట్రిగ్గర్ ఊపిరికి కదిలేంత తేలిక. ఇంటికి రాగానే మెత్తని సీసం ముక్కని గొట్టంలోంచి నెట్టి కొలిచాడు. గుండు గొట్టం కంటే వెంట్రుకవాసి లావుండాలి, లేకపోతే సీసం గొట్టానికి అంటుకుపోతుంది. అంతా సరిపోయింది. నెడ్రా చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు మెల్లగా మూసుకున్నాయి, సుత్తి లాగిపెట్టాక వేలు ట్రిగ్గర్‌ని కదిలించింది. క్లిక్. నెడ్రా కళ్ళు మెరిశాయి. ఎల్డన్‌కి ఆ చిన్న చప్పుడు వినపడలేదు గాని, కళ్ళు కనపడ్డాయి.

ఇక గుండ్లే మిగిలాయి. చిన్న అచ్చుకి తిక్కెక్కువ. సీసం మామూలు కంటే వేడిగా ఉండాలి, లేకపోతే నిండేలోపే గడ్డకట్టి ముడతలు పడుతుంది. కాస్త గట్టి సీసం కావాలి, అంటే గట్టులోంచి తవ్విన పాత సీసంలో టైరు బిళ్ళలు కలపాలి. మామూలుగా ఎల్డన్ బిళ్ళల్ని విడిగా, సన్న సెగ మీద కరిగిస్తాడు. అలా చేస్తే ఎక్కడైనా జింకు ఉన్నా కరగకుండా పైకి తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. కానీ వసంతం వచ్చేసింది. వారం వారం నెడ్రా వేలు బలహీనపడుతోంది, స్పూను పట్టుకోవడమే కష్టమవుతోంది. అతనికి తొందర పుట్టింది. తమ పాత సీసం ఉన్నదంతా పెద్ద కుండలో వేసి, సెగ పూర్తిగా పెంచి, బిళ్ళలు నేల మీద పడేసి, ఏరి, నేరుగా కుండలోకే వేశాడు. నేల మీద ఎందుకు పడేశాడంటే అలవాటు. వినేదెవరో ఆ క్షణాన ఆలోచించలేదు.

నెడ్రా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కాసేపటికి ఎల్డన్ తలెత్తి చూస్తే ఆమె స్పూనుతో అద్దం మీద కొడుతోంది. చప్పుడు అతనిదాకా రాలేదు. ఎన్నాళ్ళకి హుషారుగా ఉంది అనుకున్నాడు. గరిటె పైకెత్తి ఊపాడు. ఆమె ఇంకా కొట్టింది. అతను ఇంకా ఊపి, నవ్వి, పనిలో పడ్డాడు.

లైల్ వచ్చేసరికి ఎల్డన్ కుండ ముందు ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఏంటిది, ఓట్స్ జావ కాస్తున్నావా? పాలేవీ?" అని వంగి చూసిన లైల్ మెల్లగా నిటారుగా అయ్యాడు. సీసం ముద్ద ముద్దగా, జావలా తేలుతోంది. తువాలు మీద నలిగిన, సగం నిండిన గుండ్లు.

"జింకు" అన్నాడు లైల్.

"ఊఁ."

"పాత సీసం ఎంత వేశావు?"

ఎల్డన్ వంటింట్లోకి వెళ్ళాడు. స్పూను నేల మీద పడి ఉంది. నెడ్రా చెంపలు తడిసి ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

"నువ్వు విన్నావు కదూ" అన్నాడు ఎల్డన్. "చెప్తున్నావు కదూ."

ఆమె ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. అంటే అవును.

"నేను చెయ్యూపాను" అన్నాడతను. ఆమె పక్కన నేల మీద కూలబడి, ఆమె ఒడిలో తల పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా గట్టులోకి పోయి, తిరిగి వచ్చిన సీసమంతా గరాజులో జావై చల్లారుతోంది.

లైల్ ఆ ముద్దని తన ట్రక్కులో వేసుకుపోయాడు. "నా పడవకి లంగరు లేదు, పనికొస్తుంది" అన్నాడు. అతనికి పడవ లేదు. మర్నాడు సగం బకెట్ సీసం తెచ్చి గరాజులో దింపాడు.

"ఇదెందుకు?" అన్నాడు ఎల్డన్.

"నా గట్టు సీసం. అంటే నీదే. మీ ఇద్దరి గుండ్లూ నా గుండ్లూ ఒకే గట్టులో పడ్డాయిగా. తవ్వినప్పుడు ఎవడిదెవడికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. నీ పెళ్ళాం గుండు ఇందులో ఒకటైనా ఉండకపోదు." అంతసేపు నిజం మాట్లాడటం అలవాటు లేక లైల్ గొంతు సవరించుకుని, "ఇది కూడా పాడు చేశావంటే నిన్నే కరిగిస్తా" అని వెళ్ళిపోయాడు.

ఈసారి ఎల్డన్ నెడ్రా కుర్చీని గరాజులోకే తెచ్చి, దుప్పటి కప్పి, ఎదురుగా కూర్చున్నాడు. ఒక్కో బిళ్ళ ఆమె ముందు పడేసి ముఖంలోకి చూశాడు. కళ్ళు తెరిచి ఉంటే సీసం. మూస్తే జింకు. ఒకసారి మూసి ఎంతకీ తెరవలేదు. భయపడి భుజం కుదిపితే కళ్ళు తెరిచి, నవ్వింది, నవ్వులో మిగిలినంత మేరకి. నిద్రపోయిందంతే.

"చంపేశావే" అన్నాడు ఎల్డన్. ఆ బిళ్ళని మళ్ళీ పడేశాడు.

విని ఏరింది ఆమె, పోసింది అతను, అందుకే గోతి లెక్కలో అవి ఇద్దరూ పోసినవే. గుండ్లు బాగా వచ్చాయి. ముత్యాల్లా ఉన్నాయని గోతి దగ్గర చేతులు మారాయి, లైల్ కూడా వెటకారం చేయలేదు. కానీ పోసి, మైనం పూసి, తూటాలు కట్టేసరికి ఎండాకాలం గడిచిపోయింది.

బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద ఆమె చేతులు పెట్టి, తుపాకీ అమర్చి, సుత్తి లాగాడు ఎల్డన్. ఆమె చెవుల్లో మైనం ఉండలు పెట్టాడు. పళ్ళెం వైపు గురి సరిగ్గా ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

వేలు కదల్లేదు.

అందరూ ఎదురు చూశారు. గట్టు మీద గాలికి గడ్డి ఊగింది. "నా నలభై అయిదు కూడా ఒకసారి ఇట్లాగే, ట్రిగ్గర్ లాగితే..." అని మొదలుపెట్టిన లైల్ మిగతా కథ దొరక్క ఆగిపోయాడు.

ఎల్డన్ తన వేలిని ఆమె వేలి మీద ఉంచాడు. కాస్త నొక్కితే చాలు, ఎవరూ ఏమీ అనరు. నెడ్రా చూపు అతని వైపు తిరిగింది. నీ చేత్తో పోసిన గుండు, నీ వేలితోనే. ఆ కళ్ళు మూసుకోలేదు, రెప్ప కూడా వేయలేదు. అతను వేలు తీసేశాడు.

"నన్ను పేల్చమంటావా?"

కళ్ళు మూసి తెరిచింది.

ఆమెకి మోత వినపడాలని చెవుల్లోంచి మైనం తీసి, చేతుల్లోంచి తుపాకీ తీసుకుని ఎల్డన్ పేల్చాడు. ముప్పై రెండు గుండు తగిలితే ఆ ఉక్కు పళ్ళెం ఊగదు, ఊరికే మోగుతుంది. ఆ మోత అతని చెవికి అందదు. ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళు మూసింది. తగిలింది. మళ్ళీ పేల్చాడు, మూసింది. అలా సిలిండర్ ఖాళీ అయ్యేదాకా ప్రతి గుండు తర్వాతా తిరిగి ఆమెని చూశాడు. ఆఖరిదానికి కళ్ళు తెరిచే ఉన్నాయి.

"తగిలిందిరా, నేను విన్నా" అన్నాడు లైల్. అతనికి పక్కన పిడుగు పడ్డా వినపడదు.

"తగల్లేదు" అన్నాడు ఎల్డన్.

నెడ్రా క్రిస్మస్ ముందు పోయింది. ఖననం అయ్యాక చర్చి కింద హాల్లో జున్ను వేసి కాల్చిన ఆలుగడ్డలు అందరూ తెచ్చినవే అందరూ తిన్నారు. లైల్ ఆ రోజు ఒక్క కథ కూడా చెప్పలేదు. లోయలో అది ఇప్పటికీ చెప్పుకుంటారు.

వసంతంలో గట్టు తవ్వినప్పుడు జల్లెడలో లావు గుండ్ల మధ్య సన్నవి కొన్ని పడ్డాయి. లైల్ వాటిని ఏరి ఎల్డన్ బకెట్లో వేశాడు. గ్రోవర్ నలభై నాలుగు ఇంకా అమ్మలేదని, కావాలంటే తిరిగిస్తానన్నాడని చెప్పాడు. ఎల్డన్ వద్దన్నాడు.

ఇప్పుడు అతను జింకుని పటకారుతో పట్టి చూస్తాడు. పటకారు కొరికితే గాటు పడేది సీసం, పడనిది జింకు. చాలాసేపు పట్టే పని, చెయ్యి నొప్పెడుతుంది. అయినా కొరికే ముందు ప్రతి బిళ్ళనీ ఒకసారి సిమెంటు నేల మీద పడేస్తాడు. వంటింటి కిటికీ వైపు చూసి, కాసేపు ఆగుతాడు. తర్వాత పటకారు తీసుకుంటాడు.